తెలుగు మీడియం వాళ్లకి టోస్ట్‌మాస్టర్స్ పనికొస్తుందా? నా అనుభవం చెప్తాను

మీ ప్రశ్న చదవగానే రాయాలనిపించిందండి. పని బాగా వచ్చు, మెయిల్స్ కూడా బాగానే రాస్తాను, కానీ మీటింగ్‌లో పేరు పెట్టి పిలిచి అడిగితే గొంతు పట్టేస్తుంది, టెన్త్ దాకా తెలుగు మీడియం, టోస్ట్‌మాస్టర్స్‌లో (నలుగురి ముందు మాట్లాడటం మెంబర్లే కలిసి సాధన చేసే క్లబ్బులు) చేరితే ఇంగ్లీష్ వస్తుందా, డబ్బులు దండగేనా, ఎన్నాళ్లు వెళ్లాలి, ఇవీ మీరు అడిగినవి. నేనూ ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ టీమ్‌ని చూసుకుంటున్నా. మా ఆఫీస్ క్లబ్‌లోనూ తర్వాత బయట ఇంకో క్లబ్‌లోనూ కొన్నేళ్లు మెంబర్‌గా ఉన్నా కాబట్టి నాకు ఏది పనిచేసిందో ఏది చెయ్యలేదో అదే రాస్తా.

ముందు ఇంగ్లీష్ సంగతి. స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్ అనుకుని మాత్రం వెళ్లకండి. అక్కడ పాఠం చెప్పే టీచర్ ఉండరు, అందరూ మీలాంటి మెంబర్లే. గ్రామేరియన్ అని ఒక రోల్ ఉంటుంది, వాళ్లు ఆ రోజుకో కొత్త పదం ఇస్తారు, ఎవరు బాగా వాడారో ఎక్కడ తప్పు దొర్లిందో చివర్లో చెప్తారు, అంతవరకే. టెన్సుల దగ్గరే ఇబ్బంది ఉంటే అది ఇంట్లో కూర్చుని విడిగా నేర్చుకోవాల్సిందే. కానీ మెయిల్స్ బాగా రాసే మనిషికి భాష రానట్టు కాదు కదా. నలుగురూ తనవైపే చూస్తుంటే నోరు తెరిచి మాట్లాడే అలవాటు లేదు, అంతే. ఆ అలవాటు చెయ్యడానికి మాత్రం ఇంతకంటే మంచి చోటు నాకు కనపడలేదు.

అలవాటు ఎక్కణ్నుంచి వస్తుంది చెప్పండి మనకి. స్కూల్లో ఆగస్టు 15కి వక్తృత్వ పోటీ అంటే మాస్టారు రాసిచ్చింది బట్టీపట్టి, వేదికనలంకరించిన పెద్దలకు నమస్కారాలు అని మొదలుపెట్టి ఒక్క ఊపులో అప్పజెప్పి దిగిపోవడమే. మధ్యలో ఒక లైను మర్చిపోతే ఇక ముందుకి కదలదు. ఇంజనీరింగ్‌లో సెమినార్ అంటే స్లైడ్ మీద ఉన్నది చూసి చదవడం. అప్పటికప్పుడు మనంతట మనం ఆలోచించుకుని మాట్లాడాల్సిన అవసరం ఉద్యోగంలో చేరేదాకా రాదు, వచ్చిన రోజున ఎదురుగా మేనేజరో క్లయింటో ఉంటారు, తప్పుపోతే ఏమనుకుంటారో అని భయం. తప్పుపోయినా ఏమీ పోని చోట ముందు అలవాటు చేసుకోవాలి, అందుకే క్లబ్.

ఇది కొత్తగా వచ్చిన ఫ్యాషన్ కూడా కాదు. రాల్ఫ్ స్మెడ్లీ అని వైఎంసీఏలో పనిచేసే ఆయన, అక్కడికొచ్చే కుర్రాళ్లకి సభలో మాట్లాడటం, మీటింగ్ నడపడం రావట్లేదని గమనించి 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలో శాంటా ఆనా వైఎంసీఏలో మొదటి క్లబ్ పెట్టారు. 1973 దాకా ఆడవాళ్లని అధికారికంగా చేర్చుకోలేదు, ఇది తెలిసినప్పుడు నాకు మనసుకి కష్టంగా అనిపించింది, ఎందుకంటే మా క్లబ్‌లో నాకు ఎక్కువ నేర్పింది ఆడవాళ్లే. వందేళ్లు దాటినా మూల పద్ధతి మాత్రం అదే, టైం పెట్టి మాట్లాడటం, విన్నవాళ్లు లేచి ఎలా ఉందో మొహం మీదే చెప్పడం.

మీటింగ్‌లో ముందుగా ప్రిపేర్ అయి వచ్చిన స్పీచ్‌లు ఉంటాయి, మొదటి స్పీచ్‌ని ఐస్‌బ్రేకర్ అంటారు, నాలుగు నుంచి ఆరు నిమిషాలు మీ గురించి మీరు చెప్పుకోవాలి. తర్వాత టేబుల్ టాపిక్స్, అంటే అక్కడికక్కడ ఒక ప్రశ్న ఇచ్చి ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు సంబంధం లేని ప్రశ్న వేసి అవధాని ధారణ చెడగొట్టాలని చూస్తాడు చూడండి, అలా ఎటునుంచి వస్తుందో తెలీదు, కాకపోతే ఇక్కడ అందరూ మీరు గెలవాలనే చూస్తుంటారు. నిమిషం కాగానే టైం చూసే మెంబర్, అంటే టైమర్, గ్రీన్ సిగ్నల్ చూపిస్తారు, నిమిషంన్నరకి ఎల్లో, రెండు నిమిషాలకి రెడ్. ఆ గ్రీన్ దాకా చేరడమే మొదట్లో పెద్ద విషయం, కొన్నాళ్లకి రెడ్ లోపల ముగించడం కష్టమవుతుంది.

ఆ-కౌంటర్ అని ఇంకో రోల్ ఉంది. మీరు ఎన్నిసార్లు ఆ, అమ్, సో, లైక్, యాక్చువల్లీ అన్నారో లెక్క రాసి చివర్లో అందరి ముందూ చదువుతారు. మన తెలుగువాళ్లం ఇంగ్లీష్‌లో మాట్లాడుతూ కూడా మధ్యలో అంటే, అదీ, ఏంటంటే అని పెడుతూ ఉంటాం, మనకి వినపడదు, రాసుకునేవాళ్లకి వినపడుతుంది. దీనికి మందు ఒక్కటే, ఆ మాట వచ్చే చోట నోరు మూసుకుని ఒక క్షణం ఆగడం. ఆగితే మర్చిపోయాం అనుకుంటారేమోనని మనకి భయం గానీ వినేవాళ్లకి అది ఆలోచించుకుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. చేరిన కొత్తలో మీరు అడిగి తీసుకోవాల్సినవి ఈ చిన్న రోల్సే. టైమర్‌గా ఉంటే లేచి రెండు మూడు వాక్యాలు చెప్పి కూర్చోవచ్చు, కాళ్ల వణుకు అక్కడే సగం తీరిపోతుంది.

ఇక అసలు విషయం. టోస్ట్‌మాస్టర్స్‌లో మనల్ని మార్చేది స్పీచ్ కాదు, ఎవాల్యుయేషన్. ప్రతి స్పీచ్‌కీ ఒక మెంబర్‌ని కేటాయిస్తారు, వాళ్లు శ్రద్ధగా విని, తర్వాత లేచి రెండు మూడు నిమిషాల్లో ఏది బాగుందో, ఏది మార్చుకోవాలో, ఎలా మార్చుకోవాలో చెప్పాలి. ఒకసారి నేను మా గూడెం ఉల్లిపాయల మార్కెట్ గురించి స్పీచ్ ఇచ్చా, మా నాన్నగారు అక్కడే కమిషన్ షాపులో గుమస్తా, కర్నూలు నుంచి లారీలు రావడం, వేలం పాట పెట్టడం, అన్నీ చెప్పా. చప్పట్లు బాగానే కొట్టారు. ఆరోజు నా ఎవాల్యుయేటర్ రిటైరైన బ్యాంక్ ఉద్యోగి ఒకాయన, లేచి ఏమన్నారంటే, అమ్మా, నేను కావాలనే వెనక వరసలో కూర్చున్నా, లారీలు వచ్చాయని వినపడింది, పాట మొదలైందని వినపడింది, చివరికి రేటు పెరిగిందో పడిపోయిందో వినపడలేదు, నీ ప్రతి వాక్యంలో చివరి రెండు మాటలు ముందు వరస దాటి రావట్లేదు అన్నారు.

అప్పటిదాకా గట్టిగా మాట్లాడమన్నవాళ్లే గానీ ఎక్కడ పడిపోతోందో ఇలా చూపించినవాళ్లు లేరు. తర్వాత నా మాట నేనే ఫోన్‌లో రికార్డు చేసి విన్నా, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తెలుగులో అయితే ఇది ఇంకా ఇబ్బంది, మన వాక్యంలో చేశామా చెయ్యలేదా అన్నది ఆఖర్నే ఉంటుంది, అది మింగేస్తే మొత్తం పోయినట్టే. అప్పట్నుంచి మా ఆయన్ని బాల్కనీలో నిలబెట్టి వంటింట్లోంచి పేపర్ చదివేదాన్ని, ఆఖరి మాట వినపడకపోతే ఆయన చెయ్యెత్తేవారు, మళ్లీ ఆ వాక్యం మొదట్నుంచి. విసుక్కోకుండా నిలబడ్డారు పాపం.

దానికంటే ఎక్కువ లాభం నేను వేరేవాళ్లని ఎవాల్యుయేట్ చెయ్యడం మొదలుపెట్టాక వచ్చింది. కాగితం రెండు భాగాలుగా మడిచి ఒకవైపు బాగున్నవి, ఒకవైపు మార్చుకోవాల్సినవి రాసుకుంటూ వింటుంటే నా భయం గురించి ఆలోచించే తీరికే ఉండదు, ధ్యాసంతా ఎదుటి మనిషి మీదే. కాసేపట్లో లేచి మాట్లాడాలి, బట్టీకి టైం లేదు, అయినా చెప్పడానికి సరుకు ఉంది, ఎందుకంటే ఇప్పుడే విన్నాం కదా. మీటింగ్‌లో గొంతు పట్టేసేవాళ్లకి సరిగ్గా కావాల్సిన సాధన ఇదేనని నా గట్టి నమ్మకం. మెంబర్లకి ఇచ్చే పాత్‌వేస్ కోర్సులో ఐదు లెవెల్స్ ఉంటాయి, మొదటి లెవెల్‌లోనే ఎవాల్యుయేషన్ అండ్ ఫీడ్‌బ్యాక్ అని ఒక ప్రాజెక్టు ఉంది, స్పీచ్ ఇచ్చి, వచ్చిన ఫీడ్‌బ్యాక్ పెట్టి ఇంకో స్పీచ్ ఇచ్చి, తర్వాత మీరే ఇంకొకరికి ఎవాల్యుయేటర్‌గా చెయ్యాలి. దాన్ని తూతూమంత్రంగా కానివ్వకండి.

ఆఫీసులో నాకు తేడా ఎక్కడ కనపడిందంటే, జవాబు ముందు చెప్పి కారణం తర్వాత చెప్పడం. రిలీజ్ శుక్రవారం అవుతుందా అని క్లయింట్ అడిగితే సోమవారం బిల్డ్ వచ్చింది, మంగళవారం సర్వర్ పడిపోయింది అని కథ మొదట్నుంచి ఎత్తుకుంటాం మనం. టేబుల్ టాపిక్స్‌లో రెండు నిమిషాల్లో ముగించాలి కాబట్టి మొదటి వాక్యంలోనే అవుతుంది, అవదు తేల్చేయడం అలవాటవుతుంది. శుక్రవారం అవదు, సోమవారం సాయంత్రానికి ఇస్తాం, పేమెంట్ స్క్రీన్‌లో రెండు బగ్స్ మిగిలాయి, ఇంత చాలు. ఇదే మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో నీళ్ల ట్యాంకర్ల లెక్క చెప్పేటప్పుడు తెలుగులో కూడా పనికొచ్చింది.

నాకు నచ్చనివి కూడా చెప్పాలి. కొన్ని క్లబ్బుల్లో అందరూ అందర్నీ పొగుడుకుంటారు, సూపర్, అమేజింగ్ తప్ప ఇంకో మాట రాదు, అక్కడ ఎన్నాళ్లున్నా ఎదగరు. ఇంకొందరు స్పీచ్ కాంటెస్ట్‌ల స్టైల్‌కి అలవాటుపడి స్టేజీ మీద చేతులు విసరడం, గొంతు ఒక్కసారి తగ్గించడం ఆఫీస్ మీటింగుల్లో కూడా చేస్తుంటారు, అది అక్కడ అతకదు. కాంటెస్ట్‌లు చెడ్డవని కాదు, 2015లో టోస్ట్‌మాస్టర్స్ స్పీచ్ పోటీల్లో వరల్డ్ ఛాంపియన్ అయిన సౌదీ ఆయన మహమ్మద్ ఖహ్తానీకి చిన్నప్పట్నుంచి నత్తి ఉండేది, ఆ సంగతి ధైర్యం తక్కువైన మా టీమ్ పిల్లలకి నేను తరచూ చెప్తుంటా.

అందుకని చేరేముందు రెండు మూడు క్లబ్బులకి గెస్ట్‌గా వెళ్లండి, గెస్ట్‌కి ఫీజు ఉండదు, మాట్లాడమని బలవంతం కూడా చెయ్యరు. వెళ్లినప్పుడు స్పీచ్‌ల కంటే ఎవాల్యుయేషన్లు జాగ్రత్తగా వినండి. ఫలానా చోట ఇలా చేశారు, ఈసారి ఇలా చేసి చూడండి అని చెప్పేవాళ్లు ఒక్కరిద్దరున్నా ఆ క్లబ్ మంచిదే. టైంకి మొదలుపెడుతున్నారా, రోల్స్ అన్నీ నలుగురి చేతుల్లోనే తిరుగుతున్నాయా, కొత్తవాళ్లకి మెంటర్‌ని ఇస్తున్నారా, ఇవీ చూడండి. హైదరాబాద్‌లో చాలా ఐటీ కంపెనీల్లో సొంత క్లబ్బులున్నాయి, బయటివాళ్లు చేరే కమ్యూనిటీ క్లబ్బులూ ఉన్నాయి. నా సలహా మాత్రం కమ్యూనిటీ క్లబ్బే, ఆఫీస్ క్లబ్‌లో మేనేజర్ ఎదురుగా కూర్చుంటే మీకు ఏ భయం పోవాలో అదే మళ్లీ వస్తుంది. అమెరికాలో అయితే పూర్తిగా తెలుగులో నడిచే క్లబ్బులు కూడా ఉన్నాయి.

డబ్బు విషయానికొస్తే, 2023 అక్టోబర్ నుంచి మెంబర్‌షిప్ ఫీజు ఆరు నెలలకి 60 డాలర్లు, కొత్తగా చేరేవాళ్లకి ఒక్కసారి 20 డాలర్లు అదనం, దానిపైన క్లబ్ హాలు అద్దెకీ టీకీ కొంత వసూలు చెయ్యొచ్చు, ముందే అడగండి. మనకి అది చిన్న మొత్తం కాదు. కొన్ని కంపెనీలు కొంత తిరిగి ఇస్తాయి, హెచ్‌ఆర్‌ని కనుక్కోండి. అది కూడా కుదరకపోతే నలుగురైదుగురు ఫ్రెండ్స్ కలిసి వారానికోసారి ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు, ఫోన్‌లో టైమర్, ఒకళ్లు లెక్క రాసేవాళ్లు, ఒకళ్లు ఎవాల్యుయేటర్. కాకపోతే ఫ్రెండ్స్ మొహమాటపడతారు, లేదా రెండు వారాలకి మానేస్తారు, డబ్బు కట్టిన క్లబ్‌కున్న పట్టుదల దానికి ఉండదు.

ఎన్నాళ్లు అంటే, మొదటి లెవెల్ పూర్తయ్యేదాకా, కనీసం నాలుగైదుసార్లు ఎవాల్యుయేటర్‌గా లేచేదాకా మానకండి. అప్పటికి కూడా మీటింగ్‌లో మార్పు కనపడకపోతే క్లబ్ మార్చి చూడండి. మీరు హైదరాబాద్‌లోనే ఉంటే ఏ ఏరియానో చెప్పండి, ఎవాల్యుయేషన్ గట్టిగా చేసే క్లబ్ ఏదో మా పాత మెంబర్లని అడిగి చెప్తా.