రెచ్చిపోయారా, రెచ్చగొట్టారా?

సందేహం: మాది కావలి దగ్గర పల్లె, హైస్కూల్లో తెలుగు చెబుతాను. 2021లో అమెరికా పార్లమెంటు భవనం మీద జరిగిన దాడి గురించి పిల్లల్ని నాలుగు వాక్యాలు రాయమంటే ఒకరు ‘జనం రెచ్చిపోయి లోపలికి చొరబడ్డారు’ అని రాశారు, ఇంకొకరు ‘నాయకుడు జనాన్ని రెచ్చగొట్టి పంపించాడు’ అని రాశారు. పేపర్లలో ప్రేరేపించారు, పురికొల్పారు, ఉసిగొల్పారు అని కూడా చూస్తున్నాను. ఇవన్నీ ఒకటేనా? పిల్లలకు ఏది సరైనదని చెప్పాలి?

సమాధానం: ఒకటి కావమ్మా. పైకి ఒకేలా కనబడతాయి గానీ, తప్పు ఎవరి మీద పెడుతున్నామన్నది ఒక్కో మాటలో ఒక్కో తీరుగా తేలుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రెచ్చిపోవడం మనిషి లోపల జరిగేది, దానికి బయటి మనిషి అక్కర్లేదు. రెచ్చగొట్టడానికి ఇంకొకడు ఉండి తీరాలి. పురికొల్పడం మంచికీ చెడ్డకీ చెల్లుతుంది, ‘చదువుకు పురికొల్పారు’ అన్నా తప్పు లేదు. ప్రేరేపించడమూ అంతే, పిల్లలకు ప్రేరణ ఇచ్చే ఉపన్యాసమన్నా, నేరానికి ప్రేరేపించే ఉపన్యాసమన్నా మాట ఒకటే కాబట్టి, దేనికి ప్రేరేపించారో పక్కనే చెప్పాలి. ఉత్త ‘ప్రేరేపించారు’ అని వదిలేస్తే వాక్యం సగమే.

ఉసిగొల్పడం మాత్రం నాకు నచ్చదు. కుక్కను ‘ఉస్కో’ అని ఒకడి మీదికి వదిలే పని అది. మనుషుల గురించి వాడితే వాళ్లను కుక్కలతో పోల్చినట్టవుతుంది, పైగా వాళ్లకు సొంత బుద్ధి లేదు, తప్పంతా వదిలినవాడిదే అన్న అర్థం వస్తుంది. గేటు బద్దలుకొట్టినవాడికి కూడా బుద్ధి ఉంది కదా, వాడినెందుకు వదిలేయాలి? మన వైపు పల్లెల్లో పెద్దవాళ్లు ‘ఎగదోస్తున్నాడు’ అంటారు చూడండి, నా మనసుకు అది చాలా సరైన మాట. పొయ్యిలో కట్టెను లోపలికి నెట్టడం ఎగదోయడం. నిప్పు ముందే ఉంది, జనంలో కోపం ముందే ఉంది, వీడు చేసిందల్లా మంట పెరిగేలా కట్టె లోపలికి తోయడం. ఎక్కువమంది నాయకులు చేసేది ఇదే.

ఇప్పుడు పిల్లలతో ఒక పరీక్ష చేయించండి. ‘రెచ్చగొట్టాడు గానీ ఎవరూ కదల్లేదు’ అనవచ్చు. ‘కొట్టించాడు గానీ ఎవరూ కొట్టలేదు’ అనలేం. అంటే రెచ్చగొట్టడం దానంతట అదే పూర్తయిన పని, తర్వాత దెబ్బలు పడినా పడకపోయినా. కొట్టించడంలో దెబ్బ పడి తీరాలి, చేయించినవాడూ చేసినవాడూ ఇద్దరూ కనబడాలి. దీన్నే మనం ప్రేరణార్థక క్రియ అని పాఠం చెబుతాం.

నాకు బాధ కలిగించే విషయం ఇక్కడుంది. ఈ ప్రేరణార్థకాన్ని మనం మంచిపనికైతే ధారాళంగా వాడతాం. రోడ్డు వేయించారు, గుడి కట్టించారు, సభకు వేలమందిని రప్పించారు. రాయి మోసినవాడి పేరు శిలాఫలకం మీద ఉండదు, కట్టించినవాడి పేరే ఉంటుంది. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీల్లో బండ లాగేది ఎడ్లు, మైకులో పిలిచేది యజమాని పేరు. అదే గొడవయ్యేసరికి ‘వేయించు, కట్టించు’ల చివర ఉండే ఆ ‘ఇంచు’ ఎక్కడికో పోతుంది: ఘర్షణ జరిగింది, ఉద్రిక్తత చోటుచేసుకుంది, బూత్ దగ్గర టెన్షన్ నెలకొంది. చేసినవాడూ లేడు, చేయించినవాడూ లేడు. ఓటు పెట్టె మీద దాడి వానలాగా పైనుంచి పడిందా?

చేయించినవాణ్ణి కర్తగా లెక్కించడం కొత్త ఆలోచన కాదు. సంస్కృతంలో పాణిని, స్వతంత్రంగా పని చేసేవాణ్ణి కర్త అని చెప్పి, వెంటనే తర్వాతి సూత్రంలోనే వాడి చేత చేయించేవాడికి ‘హేతువు’ అనే పేరు పెట్టాడు, కర్త అన్న పేరు కూడా తీసేయకుండా ఉంచాడు. ఇద్దరూ కర్తలే. మన చట్టం కూడా దాదాపు అదే దారిలో నడుస్తుంది. పాత శిక్షాస్మృతి 107వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 45వ సెక్షన్, రెండూ నేరానికి ఎగదోయడాన్ని వేరే నేరంగానే చూస్తాయి, ఆ నేరం జరిగిపోతే మామూలుగా చేసినవాడికి పడే శిక్షే ఎగదోసినవాడికీ. అలాగని ప్రభుత్వాన్ని గట్టిగా తిట్టినవాణ్ణల్లా ‘రెచ్చగొట్టాడు’ అనకూడదు. 1962లో కేదార్‌నాథ్ సింగ్ అనే రాజద్రోహం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ఘాటు విమర్శ వేరు, హింసకు ఎగదోయడం వేరు.

ఇక అమెరికా సంగతి. 2021 జనవరి 6న అధ్యక్ష ఎన్నికల ఓట్ల ధ్రువీకరణ జరుగుతుండగా దాడి జరిగింది. అంతకు ముందు ట్రంప్ చేసిన ప్రసంగంలో శాంతియుతంగా గొంతు వినిపించండన్న మాటా ఉంది, గట్టిగా పోరాడకపోతే మీకు దేశమే మిగలదన్న మాటా ఉంది. ‘తిరుగుబాటుకు ప్రేరేపించడం’ అన్న అభియోగం మీద ప్రతినిధుల సభ జనవరి 13న 232–197 ఓట్లతో ఆయన్ను అభిశంసించింది. విచారణ జరిపే ఎగువ సభ సెనేట్‌లో ఫిబ్రవరి 13న 57 మంది దోషి అన్నారు, 43 మంది కాదన్నారు, కావలసింది 67, అందువల్ల ఆ అభియోగం వీగిపోయింది. కాబట్టి ‘ప్రేరేపించారని అభిశంసించారు’ అని రాయవచ్చు, ‘ప్రేరేపించినట్టు రుజువైంది’ అని రాయకూడదు. బ్రెజిల్ విషయంలో క్రియే మారుతుంది. 2023 జనవరి 8న బ్రసీలియాలో పార్లమెంటు, సుప్రీంకోర్టు భవనాల మీద గుంపులు పడినప్పుడు మాజీ అధ్యక్షుడు బొల్సొనారో ఆ దేశంలోనే లేరు, ఫ్లోరిడాలో ఉన్నారు. అయినా 2025 సెప్టెంబరులో అక్కడి సుప్రీంకోర్టు ఆయనకు 27 ఏళ్ల 3 నెలల శిక్ష వేసింది, అధికారాన్ని కుట్రతో నిలబెట్టుకోవాలని చూసినందుకు. అక్కడ ‘రెచ్చగొట్టారు’ అంటే చాలదు, ‘కుట్ర పన్నారు’ అనాలి.

మీ పిల్లల వాక్యాలు రెండింటికీ మార్కులు వేయండి. మొదటి వాక్యం రాసినవారిని ‘ఎవరైనా రెచ్చగొట్టారా, వాళ్లంతట వాళ్లే రెచ్చిపోయారా’ అని అడిగి ఇంకో వాక్యం రాయించండి. రెండోవారి చేత ‘రెచ్చగొట్టి పంపించాడన్న అభియోగం వచ్చింది’ అని దిద్దించి, లోపలికి చొరబడినవాళ్ల గురించి కూడా ఒక వాక్యం కలపమనండి.