60 లీటర్ల రీఫ్ ట్యాంక్‌కి క్లీనప్ క్రూ: ఆ ప్యాక్ వద్దు, ఆరేడు నత్తలు చాలు

మీది 60 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టి రెండు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, కొన్ని సాఫ్ట్ కోరల్స్ ఉన్నాయి. ఇసుక మీద గోధుమరంగు పొర, అద్దం మీద పచ్చటి పాచి పట్టాయి. పది నత్తలు, పది హెర్మిట్ పీతలు, ఒక ఇసుక నక్షత్రచేప కలిపిన క్లీనప్ క్రూ (పాచి, మిగిలిన మేత తిని ట్యాంక్‌ని శుభ్రం చేసే ప్రాణులు) ప్యాక్ కొనమంటున్నారు, కొనాలా అని అడిగారు. కొనకండి. నేను ఇలాంటిదే కొని చాలా ప్రాణుల్ని పోగొట్టుకున్నాను.

నా మొదటి ట్యాంక్ కూడా ఇంచుమించు ఇంతే ఉండేది. ప్యాక్ వేసిన కొద్ది వారాల్లోనే రాళ్ళు, అద్దం తళతళలాడాయి. నేను సంబరపడ్డాను కానీ, వాటికి తిండి అయిపోయిందని నాకు తట్టలేదు. నత్త చచ్చిపోయినా గుల్ల అక్కడే ఉంటుంది కదా, కదలకపోతే విశ్రాంతి తీసుకుంటోంది అనుకున్నాను. ఒకరోజు కోరల్స్ అన్నీ ముడుచుకుపోయాయి. టెన్షన్ పడి నీళ్ళు టెస్ట్ చేస్తే, ప్రాణులకు విషమైన అమ్మోనియా కనిపించింది. గుల్లలు ఒక్కొక్కటీ తీసి వాసన చూస్తే నాలుగు కుళ్ళిపోయి ఉన్నాయి. నక్షత్రచేప ఇంకా నెమ్మదిగా పోయింది, చేతులు కొసల నుంచి కరిగిపోతూ. అది ఇసుకలో ఉండే చిన్న చిన్న పురుగుల్ని తిని బతుకుతుంది. చిన్న ట్యాంక్ ఇసుకలో అవి త్వరగా అయిపోతాయి, తర్వాత ఆకలే. నన్ను ఇప్పటికీ ఎక్కువగా బాధపెట్టేది అదే.

అందుకే ఇన్ని లీటర్లకి ఇన్ని నత్తలు అనే లెక్క నేను నమ్మను. ట్యాంక్‌లో ఈ రోజు ఎంత తిండి ఉందో, అది అయిపోయాక ఎన్ని బతకగలవో చూడాలి. మీ ఇసుక మీది గోధుమరంగు పొర చాలావరకు డయాటమ్సే (ఒక రకం సూక్ష్మ పాచి) అయి ఉండాలి. కొత్త ట్యాంకుల్లో మామూలే, సాధారణంగా కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. దాన్ని చూసి పదుల కొద్దీ ప్రాణుల్ని తేనక్కర్లేదు. అమ్మోనియా, అలాంటిదే మరో విషం నైట్రైట్, రెండూ సున్నా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే ఏదైనా వేయండి.

మీ ట్యాంక్‌కి నేనైతే రెండు ట్రోకస్, మూడు సెరిత్, రెండు నసారియస్ నత్తలు వేస్తాను. ట్రోకస్ రాళ్ళ మీదా అద్దం మీదా పాచిని బాగా గీకుతుంది. అంతకన్నా ముఖ్యం, వెల్లకిలా పడితే తనంతట తాను తిరగగలదు. ఆస్ట్రియా నత్తలు కూడా పాచి బాగానే తింటాయి కానీ, ఇసుకలో తిరగబడితే చాలాసార్లు లేవలేవు. రోజూ చూసి నిలబెట్టే ఓపిక ఉంటేనే అవి. సెరిత్‌లు రాత్రిపూట ఎక్కువ తిరుగుతాయి, ఇసుకలోనూ ఇరుకు సందుల్లోనూ పనిచేస్తాయి. నసారియస్ పాచి ముట్టదు. ఇసుకలో దాక్కుని, చేపలకు మేత వేయగానే వాసన పట్టి బయటికొచ్చి, మిగిలిన మాంసాహారం తింటుంది. పెద్ద టర్బో నత్తలు మాత్రం వద్దు. సరిగ్గా అతికించని కోరల్ ముక్కల్ని తోసిపడేస్తాయి, వాటి ఆకలికి చిన్న ట్యాంక్‌లోని పాచి చాలదు.

ఖాళీ నత్త గుల్లల్లో కాపురముండే హెర్మిట్ పీతల విషయంలో అభిప్రాయాలు రకరకాలు. నా ట్యాంక్‌లో ఖాళీ గుల్లలు వేసి పెట్టినా అవి నత్తల్ని చంపి గుల్లల్లో దూరాయి. అంత చిన్న చోట నత్తలకు తప్పించుకునే దారి ఉండదు, కాబట్టి నేను మళ్ళీ వేయలేదు. పెప్పర్‌మింట్ రొయ్య, అది తినే ఐప్టేసియా (కోరల్స్‌ని కుట్టే కలుపు లాంటి సీ అనిమోన్) కనిపిస్తే తప్ప అక్కర్లేదు. సీ హేర్ (గుల్ల లేని పెద్ద సముద్రపు నత్త), సముద్ర దోసకాయ లాంటివి చిన్న ట్యాంక్‌లో చచ్చిపోతే విషం వదిలి చేపల్నీ చంపగలవు, వాటి జోలికి పోకండి. లైవ్ రాక్‌తో (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి) వచ్చిన మామూలు బ్రిసిల్ వార్మ్‌లు (ముళ్ళ పురుగులు), యాంఫిపాడ్‌లు (చిన్న రొయ్యల్లాంటివి) కనిపిస్తే తీసేయకండి, అవి ఉచితంగా దొరికిన పనివాళ్ళు.

తెచ్చిన రోజు తొందరపడొద్దు. నత్తలు ఉప్పు శాతంలో హఠాత్తుగా వచ్చే మార్పును తట్టుకోలేవు. సంచిలోని నీటినీ ట్యాంక్ నీటినీ రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు శాతం కొలిచే పరికరం) చూసి, సన్నని గొట్టంతో ట్యాంక్ నీటిని చుక్కచుక్కగా ఒక గంటసేపు కలపండి. తర్వాత నత్తల్ని రాయి మీద నిటారుగా పెట్టండి. చేపలకు జబ్బు చేసినా ఈ ట్యాంక్‌లో రాగి ఉన్న మందు వేయకండి, నత్తలూ రొయ్యలూ చచ్చిపోతాయి.

ఇంకొకటి, నత్త తిన్న పాచిలో చాలా భాగం మలంగా మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది. మేత తగ్గించడం, వారం వారం కొంత నీరు మార్చడం, అద్దం మీరే తుడవడం తప్పవు. పాచి పూర్తిగా పోయిందనిపిస్తే మసాలా లేని నోరి (ఎండబెట్టిన సముద్రపు పాచి) ముక్క చిన్నది రాయికి కట్టి పెట్టండి. ఒక నెలా నెలన్నర చూశాక కూడా రాళ్ళ మీద పాచి పెరుగుతూనే ఉంటే, అప్పుడు ఇంకొక్క ట్రోకస్ తెచ్చుకోండి.