ఊరి అంచున నడక: మీ ప్రశ్నలు, మా జవాబులు

సెలవురోజు పొద్దున 7 నుంచి 9 దాకా ఇళ్ల వెనకున్న చెరువుగట్టు, ఖాళీ స్థలాల మీదుగా 5 కిలోమీటర్లు నడిచాను. కాకులు, పావురాలు తప్ప ఏమీ కనపడలేదు. పొరపాటు ఎక్కడ?

ఆ 5 కిలోమీటర్లలోనే ఉంది. అది ఒంటికి మంచి చేసే నడక, కంటికి కాదు. గంటకు అర కిలోమీటరు చాలు. 50 అడుగులు వేసి ఆగండి, 3 నిమిషాలు కదలకండి. మీ అలికిడికి పొదలో నక్కినవి బయటికి రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. మీరేమో సరిగ్గా అవి బయటికొచ్చే వేళకు ముందుకెళ్లిపోతున్నారు.

ఎక్కడ ఆగాలన్నదీ ముఖ్యమే. నీరూ తుంగా కలిసేచోట, పొద అయిపోయి గడ్డి మొదలయ్యేచోట నిలబడండి. తిండికి గడ్డిలోకి, దాక్కోడానికి పొదలోకి తిరిగే జీవులన్నీ ఆ అంచు దాటాల్సిందే. ఎండ మీ వీపున ఉండాలి. ఎదురెండలో ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది.

ఇక వేళ. పిట్టలకు తెల్లవారిన తొలి రెండు గంటలు. సీతాకోకచిలుకలకు అంత తొందర లేదు, ఎండ తగిలి రెక్కల కండరాలు వేడెక్కితే గాని ఎగరలేవు. రెక్కలు పరుచుకుని ఎండ కాగుతున్నప్పుడే వాటిని దగ్గరగా చూడగలం. గద్దలు నేల వేడెక్కి గాలి పైకి లేచాకే గిరికీలు కొడతాయి కాబట్టి 9, 10 గంటల తర్వాత తలెత్తి చూడండి. మిట్టమధ్యాహ్నం పిట్టల కోసం తిరగడం దండగ, అప్పుడు బురదలో అడుగుజాడలు వెతకండి. పొద్దుగూకాక వీధిదీపం కింద నిలబడితే పురుగుల కోసం వచ్చే గబ్బిలాలు కనిపిస్తాయి. ఒకే పెద్ద నడక కన్నా రోజులో మూడు చిన్న నడకలు మేలు.

ఒకే చెట్టు చుట్టూ కాకులూ చిన్న పిట్టలూ చేరి గోల చేస్తుంటే మాత్రం మీ పథకం పక్కనపెట్టి అటు వెళ్లండి. ఆ కొమ్మల్లో గుడ్లగూబో, పామో, పిల్లో ఉండే అవకాశం ఎక్కువ.

బైనాక్యులర్స్ 8x42 కొనాలా, 10x50 కొనాలా? అరువు తెచ్చినదాంట్లో బొమ్మ రెండుగా కనిపిస్తోంది.

8x42 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వ్యాసం వస్తుంది: ఒకదానికి 5.25, మరోదానికి 5 మిల్లీమీటర్లు. అంటే వెలుగులో తేడా దాదాపు లేదు. 10 రెట్లదాంట్లో చేతి వణుకూ 10 రెట్లవుతుంది, పైగా బరువు. సీతాకోకచిలుకలు, తూనీగలు కూడా చూడాలనుకుంటే 2 మీటర్ల దగ్గరున్నదాన్నీ స్పష్టంగా చూపేది ఎంచుకోండి.

రెండు బొమ్మల సంగతి: ముందు మధ్య కీలును వంచుతూ రెండు వలయాలూ ఒకటయ్యేలా చేయండి. తర్వాత కుడికన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమకంటికి స్పష్టత తెచ్చుకోండి. ఇప్పుడు ఎడమకన్ను మూసి, కుడి కటకం దగ్గరి రింగు మాత్రమే తిప్పండి. కళ్లజోడు ఉంటే కంటికప్పులు కిందికి దించాలి. ఇంత చేసినా రెండుగానే ఉంటే ఎప్పుడో కిందపడి లోపలి పట్టకాలు జరిగి ఉంటాయి. అది ఇంట్లో బాగయ్యేది కాదు.

పిట్ట దొరకడం లేదని చాలామంది అంటారు. చూపు పిట్ట మీదే నిలిపి, బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. కళ్లు దించి అద్దాలు చూసుకున్నారో, పిట్ట పోయినట్టే.

తెల్ల కొంగలన్నీ ఒకటేనా?

కాదు. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, వేళ్లు మాత్రం పసుపుగా ఉంటే చిన్న తెల్లకొంగ. నీళ్లలో నిలబడితే వేళ్లు కనపడవు, ఎగిరేదాకా ఆగాలి. పొట్టి పసుపు ముక్కుతో పశువుల వెంట తిరిగేది పశువుల కొంగ. గూడు కట్టే కాలంలో దాని తల, మెడ నారింజ ఛాయకు తిరుగుతాయి. పెద్ద కొంగను నోటి చీలికతో గుర్తించండి: ఆ గీత కంటిని దాటి వెనక్కి పోతుంది. దాని ముక్కు రంగును నమ్ముకోవద్దు, కాలాన్నిబట్టి మారుతుంది.

బురదలో ముద్రలు కుక్కవో పిల్లివో తేలడం లేదు. గోడ కింద బూడిదరంగు ఉండలు కూడా దొరికాయి.

కుక్కకు గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, ముద్ర గుండ్రంగా ఉంటుంది. జారుడు బురదలో పిల్లి కూడా గోళ్లు బయటపెడుతుంది కాబట్టి ఒక్క ముద్ర చూసి తేల్చొద్దు, వరసగా నాలుగైదు చూడండి. ముంగిసకు ఐదు వేళ్లు, కానీ చిన్నదైన ఐదోది తరచూ పడదు.

ఉండల్లో వెంట్రుకలతో పాటు చెదరని చిన్న పుర్రెలు, ఎముకలు ఉంటే అది గుడ్లగూబ కక్కిన ఉండ. ఎలుకను ముక్కలు చేయకుండా మింగి, అరగనిదాన్ని ఉండచుట్టి ఉమ్ముతుంది. పగటి గద్దల కడుపులో ఆమ్లం ఘాటెక్కువ, ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. చేతికి తొడుగు వేసుకుని తీయండి. గంటసేపు నీళ్లలో నానబెడితే చిమటాతో ఎముకలు విడదీయొచ్చు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

దారిలో పిట్టపిల్ల పడి ఉంటే ఇంటికి తేవాలా?

ఈకలు వచ్చి గెంతుతుంటే వద్దు. అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి. దారి మధ్యలో ఉంటే పక్క పొదలోకి జరపండి. ఈకల్లేని పిల్లయితే గూట్లో పెట్టండి, మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రాదన్నది వట్టి అపోహ. నోట్లో నీళ్లు పోయకండి, నాలుక మొదట్లోనే శ్వాసనాళం ద్వారం ఉంటుంది. పిల్లి కరిచినదైతే గాయం చిన్నదైనా పశువైద్యుడికి చూపించాలి.

ఫోన్‌లో కూత వినిపించి పిట్టను పిలవొచ్చా?

వద్దు. పోటీదారు వచ్చిందనుకుని మేత, గూడు వదిలి దాన్ని తరమడానికి వస్తుంది. కూత విని అది ఏ పిట్టదో చెప్పే మెర్లిన్ లాంటి యాప్ వాడటం వేరు, దాంతో ఇబ్బంది లేదు. చూసిన జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫొటో పెడితే పక్కనుంచి తీసినదీ, వెనకనుంచి తీసినదీ రెండూ పెట్టండి. గూటి ఫొటో అయితే స్థలం కచ్చితంగా కనపడకుండా చేసే ఎంపిక నొక్కండి.