పల్లకీ వస్తుందని తెలిసినా

ప్రొద్దుటూరు

అమ్మాయికి ఆశీస్సులు.

తాడిపత్రి నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. కొన్ని సినిమాలు తరాలు దాటి ఎందుకు నిలుస్తాయన్న ప్రశ్నకు గొప్ప నటులు, మంచి పాటలు, భారీ సెట్లు, సందేశం అని నాలుగు కారణాలు చూపించావు. ఆ నాలుగూ ఉండి కూడా మరుసటి ఏడాదికే ఎవరికీ గుర్తులేకుండా పోయిన సినిమాలను నేను లెక్కలేనన్ని చూశాను కనుక, నీ సమాధానం నాకు చాలలేదు.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్ళ వయసులో ఒక వారపత్రికకు కథ రాశాను. పెళ్ళింట్లో పోయిన గొలుసు ఎవరు తీశారన్నది చివరి వాక్యం దాకా దాచిపెట్టాను. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి, నేనూ పొంగిపోయాను. పదేళ్ళ తరువాత కథలన్నీ సంపుటిగా వేద్దామని ఆ కాగితాలు మా ఇంటావిడ చేతిలో పెడితే, రెండు పేజీలు తిప్పి, "గొలుసు అత్తే తీసిందని తెలిసిపోయినాక మళ్లా ఏముందని చదవాల?" అని పక్కన పెట్టేసింది. ఆ కథను సంపుటిలో చేర్చలేదు. నిలిచే సినిమా గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మల్లీశ్వరి సినిమాను నేను మొదట టూరింగు టాకీసులో, నేల టికెట్టు మీద, బొరుగుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని చూశాను. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి, బీడీ పొగ కనిపించేది. వానకు తడిసి సత్రంలో తల దాచుకున్న మల్లి, ఆమె బావ నాగరాజు ఆటపాటల్లో ఉండగా, మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, పెద్దన కవి అక్కడికి వస్తారు. వాళ్ళెవరో తెలియని నాగరాజు, మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని వేళాకోళంగా అడుగుతాడు. నేలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తరువాత, నాగరాజు డబ్బు సంపాదించడానికి ఊరు విడిచి వెళ్ళిన వేళ, ఆ పల్లకీ నిజంగానే వచ్చి మల్లి గుమ్మం ముందు ఆగి, ఆమెను అతనికి దూరంగా రాణివాసానికి తీసుకుపోతుంది. నెల తిరగకముందే పక్క ఊళ్ళో అదే సినిమా మళ్ళీ చూశాను. ఈసారి నాగరాజు ఆ వేళాకోళం ఆడుతున్నప్పుడు నాకు నవ్వు రాలేదు, అతని నోరు మూసేయాలనిపించింది. సినిమాలో ఒక్క అక్షరం మారలేదు. రాబోయేదేమిటో నాకు తెలిసింది, అంతే. నా గొలుసు కథలో, తెలిసిపోవడంతో పని అయిపోయింది. బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన ఈ సినిమాలో అసలు పని తెలిసిన తరువాతే మొదలవుతుంది.

ఆయన మన కడప జిల్లావాడు కనుక నేను పక్షపాతంతో మాట్లాడుతున్నానని అనుకుంటావేమో. కొంత నిజమే. అయితే మీ ఊళ్ళో పుట్టిన కె.వి. రెడ్డి 1957లో తీసిన మాయాబజార్‌కు కూడా ఇదే కొలత పెట్టి చూడు. శశిరేఖా పరిణయం అప్పటికి కొత్త కథ కాదు, 1936లోనే దాన్ని సినిమాగా తీశారు. పాండవుల ఇంటి పెళ్ళి గొడవ చెబుతూ ఒక్క పాండవుణ్ణి కూడా తెర మీదికి తీసుకురాకపోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. వాళ్ళ సంగతి చూసేవాళ్ళకు తెలుసునన్న నమ్మకమే ఆ ధైర్యానికి ఆధారం. ఇక పెళ్ళికూతురి వేషంలో ఉన్నది ఘటోత్కచుడని ఆయన మన దగ్గర దాచలేదు, కౌరవుల దగ్గర మాత్రమే దాచాడు. సిగ్గుపడుతున్న సావిత్రి ఉన్నట్టుండి మీసం ఉన్నవాడి దర్పంతో నిలబడి, అంతలోనే తేరుకుని మళ్ళీ శశిరేఖ అవుతుంది. 'అహ నా పెళ్ళంట' పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది. దాచిన రహస్యం ఒక్కసారే పేలే టపాకాయ. మనతో పంచుకున్న రహస్యం మాత్రం యాభైసార్లు చూసినా పాడు కాదు, ఎందుకంటే మోసపోయేది మనం కాదు, లక్ష్మణకుమారుడు.

మరొక విషయం నీ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. రాయల కాలం, ద్వాపర యుగం అన్న పై సంగతులు తీసేస్తే, ఈ రెండు సినిమాలలోనూ మిగిలేది మేనరికం తగాదా. మాయాబజార్‌లో, ఆస్తి పోయిన ఆడబిడ్డ సుభద్ర కొడుక్కి పిల్లనివ్వడానికి బలరాముడి భార్య రేవతి మనసు ఒప్పుకోదు, బలరాముడు ఇచ్చిన మాట తప్పుతాడు. మల్లి తల్లికి కూడా చేతిలో చిల్లిగవ్వ లేని బావ అల్లుడుగా పనికిరాడు. చిన్నప్పుడు నాకు ఘటోత్కచుడి ఆకారం తప్ప ఇంకేమీ పట్టలేదు. మా చెల్లెలు తన కొడుక్కి మా పిల్లను అడగడానికి వచ్చి, కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయిన ఏడాది, సుభద్ర అన్నగారింట్లో నిలబడిన దృశ్యాన్ని నేను టీవీలో చూడలేక బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఇప్పుడు మేనరికాలు తగ్గాయి. అయినా డబ్బు రాగానే మాట మార్చే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉన్నాడు కనుక, మా మనవరాలు కూడా బలరాముడిని చూసి ఎవరినో తలచుకుని మూతి తిప్పుకుంటుంది. కాలం మారినా అర్థమయ్యేది సందేశం కాదమ్మా, ఇలాంటి ఇంటి సంగతి.

సాంకేతికత గురించి నువ్వు రెండు పేజీలు రాశావు. మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెల నాకూ ప్రాణమే, కానీ ఆ వెన్నెలలో పడవ మీద కూర్చున్నది మనకు కావలసినవాళ్ళు కాకపోతే దాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? 2010లో ఆ సినిమాకు రంగులు వేసి మళ్ళీ విడుదల చేస్తే, రంగులు చూద్దామని వెళ్ళిన పిల్లలు మాటలకు నవ్వుతూ బయటికి వచ్చారు. ఇంతకీ నిలవడంలో అదృష్టం పాలు కూడా ఉంది. మన తొలి టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. ఈనాడు చూద్దామంటే దాని ప్రతి దొరకదు. అది ఎలాంటి సినిమాయో తేల్చే అవకాశమే మన తరానికి లేకుండా పోయింది. ఈ సంగతి వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా ఉండాలి.

వ్యాసాన్ని చింపేయమని నేను అనను. మొదటి రెండు పేజీలు తీసేసి, మూడో పేజీలో మీ అవ్వ గురించి రాసిన నాలుగు వాక్యాల దగ్గర మొదలుపెట్టు. ఆమె మల్లీశ్వరిని ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదని రాసి, వెంటనే భారీ సెట్ల దగ్గరికి పరుగెత్తావు. ఈ ఆదివారం ఆమె పక్కన కూర్చుని ఆ సినిమా మరోసారి చూడు. సత్రం దృశ్యం వచ్చినప్పుడు తెర వైపు కాకుండా ఆమె ముఖం వైపు చూసి, నాగరాజు పల్లకీ మాట ఎత్తగానే ఆమె ఏం చేసిందో, ఏమందో ఉన్నది ఉన్నట్టు రాసి నాకు పంపించు.

మీ నాన్నగారిని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెదనాన్న