డెంగీ దోమను చెరువులో కాదు, మీ ప్రహరీ లోపల వెతకండి

బెంగళూరులో మారతహళ్లి దగ్గర అపార్టుమెంటులో ఉంటున్నామనీ, ఒకే బ్లాకులో ఇద్దరు పిల్లలకు డెంగీ వచ్చిందనీ, బెళ్లందూరు చెరువు బాగుపడేదాకా వారానికి రెండుసార్లు పొగ కొట్టించడం తప్ప చేయగలిగింది లేదని అసోసియేషన్ వారు అంటున్నారనీ, జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతే ఏం చేయాలనీ మీరు అడిగారు. ఆ చుట్టుపక్కలే మరో అపార్టుమెంటులో మేము చాలాకాలంగా ఉంటున్నాము. వానాకాలంలో నిలవ నీటి తనిఖీ చూసే బాధ్యత అసోసియేషన్ తరఫున నాదే. ఆ అనుభవంతో చెప్పగలిగినది ఏమిటంటే, మీ వాళ్లు నిందిస్తున్న చెరువుకూ ఆ పిల్లల జ్వరానికీ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ.

గుర్రపుడెక్క అల్లుకున్న చెరువుల్లోనూ, మురుగు పారే రాజకాలువల్లోనూ (నగరంలోని పెద్ద వాననీటి కాలువలు) పెరిగేది ప్రధానంగా క్యూలెక్స్ దోమ. చీకటి పడ్డాక చెవి దగ్గర రొద పెట్టి నిద్ర పాడుచేసేది అదే. అది బోదకాలును మోయగలదు గాని డెంగీని కాదు. డెంగీనీ చికున్‌గున్యానూ మోసే ఏడిస్ దోమ నల్లగా, కాళ్ల మీద తెల్లటి పట్టీలతో ఉంటుంది. పగటిపూట, అందులోనూ పొద్దెక్కేవేళా పొద్దు వాలేవేళా కుడుతుంది. మురుగు కన్నా మనం వాడుకునే శుభ్రమైన నిలవ నీటినే కోరుకుంటుంది. పుట్టిన చోటి నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు కనుక, ఒకే బ్లాకులో రెండు కేసులు వచ్చినప్పుడు మొదట వెతకవలసింది ఆ బ్లాకులోనే.

తనిఖీకి ఒక టార్చి, పొడవాటి గరిటె, తెల్లటి ప్లాస్టిక్ గిన్నె ఉంటే చాలు. నీటిని కదిలించకుండా ముంచి గిన్నెలో పోసి వెలుతురులో కాసేపు చూస్తే, తల కిందికి వేలాడేసి తోకతో గాలి పీల్చుకుంటూ, మీ చేతి నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి జారిపోయే సన్నటి పురుగులు కనిపిస్తాయి. అవే దోమ లార్వాలు. అలా వేలాడకుండా నీటి పైపొరకు అంటుకొని అడ్డంగా పడుకున్నట్టు ఉంటే అది మలేరియాను మోసే అనాఫిలిస్ జాతి. మూతల్లేని ఓవర్‌హెడ్ ట్యాంకులు, బావులు దానికి అనువైన చోట్లు.

అందరూ ముందుగా సంపు మూత ఎత్తి చూస్తారు. మూత బిగుతుగా ఉన్న సంపులో మాకు ఏనాడూ పెద్దగా ఏమీ దొరకలేదు. దొరికింది మూతల మీద. టెర్రస్ మీది ప్లాస్టిక్ ట్యాంకుల మూతలపై ప్లంబర్లు కాలు పెట్టి ఎక్కుతారు. మూత మధ్యలో సొట్టపడి గ్లాసెడు వాన నీరు నిలుస్తుంది. ఎండుటాకు ఒకటి అందులో నానుతూ ఉంటుంది, దాని చుట్టూ లార్వాలు కదులుతూ ఉంటాయి. కింద వేల లీటర్ల నీరు భద్రంగా ఉండగా, దోమలు పుట్టేది ఆ గ్లాసెడు నీటిలోనే. తరవాతి స్థానం లిఫ్టు గుంతది, అక్కడికి ఎవరూ తొంగిచూడరు. ఇళ్లలోనైతే ఫ్రిజ్ వెనక ట్రే, మనీ ప్లాంటు సీసా, తులసి కుండీ కింది పళ్లెం, పక్షుల కోసం పెట్టిన నీళ్ల గిన్నె. 2024 వేసవిలో నీటి కటకటకు భయపడి కొన్న డ్రమ్ములు చాలా బాల్కనీల్లో ఇంకా అలాగే ఉన్నాయి, వాటినీ చూడండి.

నీరు పారబోసినంత మాత్రాన పని పూర్తికాదు. ఏడిస్ తన గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే డ్రమ్మును ఖాళీ చేశాక లోపలి గోడను పీచుతో గట్టిగా తోమాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి ఇంచుమించు వారం పది రోజులు పడుతుంది కనుక వారానికి ఒకరోజు డ్రై డే, అంటే నిలవ నీటిని పారబోసి పాత్రలను ఆరబెట్టే రోజు, అంటున్నారు. ఆ లెక్కలో ఒక్క వారం తప్పినా ఒక తరం ఎగిరిపోతుంది.

మా గోడ అవతల కట్టడం జరుగుతున్నప్పుడు వచ్చిన చిక్కు వేరు. కాంక్రీటు క్యూరింగ్ కోసం, అంటే అది గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి, శ్లాబు మీద చిన్న గట్లు కట్టి రోజుల తరబడి నీరు నిలుపుతారు. అది దోమకు కావలసినంత సమయం. మేస్త్రీతో వాదించి లాభం లేదని, గిన్నెలో లార్వాలను చూపించి, తడి గోనెసంచులు కప్పి క్యూరింగ్ చేయమని అడిగాము, కొంతకాలానికి ఒప్పుకున్నారు. మీకూ అలాంటి పొరుగు ఉంటే ఒక విషయం గుర్తుంచుకోండి. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని ఎపిడెమిక్ వ్యాధిగా ప్రకటిస్తూ, దోమలు పెరగనిచ్చినందుకు నగరాల్లో ఇళ్లకు 400, వాణిజ్య స్థలాలకు 1,000, నిర్మాణ స్థలాలకు 2,000 రూపాయల జరిమానా పెట్టింది.

ఇక పొగ సంగతి. ఎగిరే దోమకు తగిలితేనే అది చంపుతుంది, లార్వాలను ఏమీ చేయదు. ఏడిస్ ఎక్కువగా ఇంట్లో మంచం కిందా, పరదాల వెనకా, బట్టల మధ్యా వాలి ఉంటుంది. పొగ బండి రాగానే మనమే కిటికీలు మూసుకుంటాము. కేసులు వచ్చిన చోట దానికి కొంత ఉపయోగం ఉండవచ్చు గాని, వారానికి రెండుసార్లు పొగకు పెట్టే ఖర్చుతో టెర్రస్‌నూ లిఫ్టు గుంతనూ చూసుకునే మనిషిని పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్, అంతకు చాలా ఏళ్ల ముందు, 1883 ప్రాంతంలో, మన బెంగళూరులోనే పనిచేస్తూ బంగళా పక్కనున్న నీటి తొట్టిని బోర్లించి దోమల బెడద తగ్గించుకున్నాడు. మీ అసోసియేషన్ సమావేశంలో ఈ మాట బాగా పనికివస్తుంది.

జ్వరం వచ్చిన పిల్లలను తొలి అయిదారు రోజులు పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి. ఆ రోజుల్లో వారిని కుట్టిన దోమే వైరస్‌ను మోసుకుపోతుంది. డెంగీ అవునో కాదో తేల్చుకోవడానికి తొలి అయిదు రోజుల్లో వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష, ఆ తరవాత వైరస్‌పై శరీరం తయారుచేసే యాంటీబాడీలను పట్టే ఐజీఎం పరీక్ష ఉపయోగపడతాయి. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ మాత్రమే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావం ముప్పును పెంచుతాయి. బొప్పాయి ఆకు రసాన్ని చికిత్సగా నమ్ముకోవద్దు. అసలు ప్రమాద సమయం జ్వరం తగ్గే రోజుల్లో, అంటే సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వస్తుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్లేట్‌లెట్ల అంకె చూసి కంగారుపడి ఎక్కించమని పట్టుబట్టకండి. రక్తస్రావం లేనప్పుడు అవి 10,000 కన్నా దిగితేనే ఎక్కించడం గురించి ఆలోచిస్తారు. రక్తం చిక్కబడుతోందా లేదా అని తెలిపే పీసీవీనే (రక్తంలో ఎర్రకణాల శాతం) డాక్టర్లు మరింత జాగ్రత్తగా గమనిస్తారు, మీరూ రిపోర్టులో ఆ అంకె గురించి అడగండి.