రెండు రూపాయల వడ్డీ తీర్చడానికి ఆరున్నర రూపాయల అప్పా?

ప్రశ్న: మాది విశాఖ కంచరపాలెం. మెట్టు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్నాను. మా ఆయన అద్దె ఆటో తోలుతారు. సరుకులు, ఆటో అద్దె పోను ఇద్దరికీ కలిపి నెలకి 20,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు, పిల్లల చదువులు 16,500. అత్తగారి పేరు మీదున్న ఇంటికి అయిదేళ్లుగా పన్ను కట్టలేకపోయాం. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నుంచి నోటీసు వచ్చింది. పన్ను 12,400, దాని మీద వడ్డీ 6,800, కుళాయి బకాయి 3,300, మొత్తం 22,500. మొన్నామధ్య మా ఆయనకి జ్వరం వచ్చి ఆటో తీయకపోతే డైలీ ఫైనాన్స్‌లో పదివేల కార్డు తీసుకున్నాను. చేతికి 9,000 ఇచ్చారు, రోజుకి వంద కడుతున్నాను, ఇంకా 38 రోజులుంది. ఇప్పుడు అదే ఫైనాన్స్ ఆయన 25,000 ఇస్తాను, పన్ను కట్టేసి పాత కార్డు కూడా మూసేసుకో అంటున్నాడు. సామాన్లు జప్తు చేస్తారేమోనని నిద్ర పట్టడం లేదు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ 25,000 తీసుకోవద్దు. మీరు ఇప్పటికే సరే అనేసి ఉంటే, డబ్బు చేతికి రాకముందే వద్దని చెప్పేయండి.

నాకు వచ్చే ఉత్తరాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. ఒకరిది కాలేజీ ఫీజు, ఇంకొకరిది కరెంటు బిల్లు, మీది ఇంటి పన్ను. కాగితం మీద ఎర్ర అక్షరాలు కనిపించగానే గుండె జారిపోయి, రోజూ సాయంత్రం బండి దగ్గరికొచ్చి నిలబడే మనిషి దగ్గర అప్పు చేస్తారు. ఏది ఖరీదైన అప్పో లెక్క వేసుకోరు. మీతో కలిసి ఆ లెక్క వేద్దామనే ఈ జవాబు రాస్తున్నాను.

జీవీఎంసీ పన్ను బకాయి మీద వడ్డీ నెలకి నూటికి రెండు రూపాయలు. అది కూడా బారువడ్డీ, చక్రవడ్డీ కాదు. మీ అసలు పన్ను 12,400 కాబట్టి నెలకి 248 రూపాయలు పెరుగుతుంది. ఇది తక్కువేమీ కాదు, అయిదేళ్లలో 6,800 అయింది మీరే చూశారు. ఇప్పుడు మీ పదివేల కార్డు చూడండి. 9,000 ఇచ్చి 10,000 రాబడుతున్నారు. వందకి పదేగా, అదీ మూడు నెలల పైనే కదా, అంటే మూడు రూపాయల వడ్డీ అనుకుంటారు అందరూ. కానీ మీరు మర్నాటి నుంచే అసలు తిరిగి ఇచ్చేస్తున్నారు. వంద రోజుల్లో సగటున మీ దగ్గర ఉండేది 4,500 మాత్రమే. ఆ 4,500 వాడుకున్నందుకు వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. నెలకి లెక్కేస్తే ఆరున్నర రూపాయల వడ్డీ దాటుతుంది. రెండు రూపాయల వడ్డీ బాకీ తీర్చడానికి ఆరున్నర రూపాయల వడ్డీకి తెస్తారా?

పోనీ తెచ్చారే అనుకుందాం. పది శాతం పట్టుకుని మీ చేతికిచ్చేది 22,500. మీ నోటీసులో ఉన్న అంకె కూడా అదే. మీ బకాయి ఎంతో తెలుసుకునే అతను 25,000 అన్నాడని నా అనుమానం. అందులోంచి పాత కార్డుకి 3,800 తీసేసుకుంటాడు. పన్నుకి మిగిలేది 18,700. అంటే ఇంత అప్పు చేసినా బకాయి పూర్తిగా తీరదు! ఆ తర్వాత రోజుకి 250, నెలకి 7,500 కట్టాలి. ఇంటి ఖర్చు పోను మీ దగ్గర మిగిలేది 3,500. నెలకి 4,000 లోటు. ఆ లోటుకి మూడో అప్పు ఫోన్లో లోన్ యాప్ నుంచి వస్తుంది. యాప్ వాళ్లు మీ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేస్తారు. దయచేసి ఆ దారిలో ఒక్క అడుగు కూడా వేయకండి. ఇప్పటికే ఏదైనా యాప్ బెదిరిస్తుంటే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇక మీ భయం సంగతి. జప్తు చేసే అధికారం కార్పొరేషన్‌కి ఉన్న మాట నిజం. ముందు బిల్లు, తర్వాత డిమాండ్ నోటీసు, అప్పటికీ కదలకపోతే వారెంటు. కుళాయి కూడా తీసేయొచ్చు. కాబట్టి నోటీసుని దేవుడి పటం వెనక పెట్టి కూర్చోకండి. ఈ వారంలోనే నోటీసు, ఆధార్, పాత రసీదులు ఏవైనా ఉంటే అవీ పట్టుకుని మీ వార్డు సచివాలయానికి వెళ్లండి. బకాయిని అర్ధ సంవత్సరాల వారీగా విడదీసి రాసిమ్మని అడగండి. నెలనెలా ఇంత కడతామని తెల్ల కాగితం మీద అర్జీ రాసి, మొదటి విడత అప్పుడే కట్టి, రసీదూ అర్జీ నకలూ దాచుకోండి. అక్కడ వినకపోతే జోనల్ ఆఫీసు, అక్కడా కాకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ ఇవ్వండి. కొంచెం కొంచెంగా కడుతున్న మనిషి ఇంటికీ, మొహం చాటేసిన మనిషి ఇంటికీ సిబ్బంది ఒకేలా రారు.

వెళ్లినప్పుడు ఇంకొకటి చూడండి. బిల్లులో మీ ఇంటి కట్టుబడి, అంటే కట్టిన విస్తీర్ణం, ఎంత రాశారు? 2021లో కొత్త పద్ధతి వచ్చాక, 375 చదరపు అడుగుల లోపు ఉండి సొంతవాళ్లే ఉంటున్న ఇంటికి ఏడాదికి 50 రూపాయలే పన్ను. మీ ఇంటి కట్టుబడి ఎంతో రాయలేదు మీరు. ఒకప్పటి రేకుల షెడ్డు పడిపోయినా లెక్కల్లో అలాగే ఉండిపోయి ఉండొచ్చు. టేపు పెట్టి కొలుచుకుని వెళ్లండి, తేడా ఉంటే సవరించమని వేరే అర్జీ ఇవ్వండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది 22,500 కాదు, ఆ 9,000. మా ఆయనకి జ్వరం వచ్చింది, ఫైనాన్స్‌కి వెళ్లాను అని రాశారు. ఆ రోజు ఇంట్లో పదివేలు పక్కన ఉండి ఉంటే ఆ కార్డే లేదు. ఆ కార్డు లేకపోతే రెండు నెలల్లో పన్నుకి 6,000 కట్టగలిగేవారు. ఆరోగ్యం కోసం చేసిన అప్పు పన్నుని తినేసింది. మన ఊళ్లో ఇది మళ్లీ మళ్లీ చూస్తున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన తర్వాత ఎలా ఉందో మీకూ గుర్తుండే ఉంటుంది. రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు లేవు, బండి పెట్టడానికి లేదు. చేతిలో కాస్త డబ్బున్న ఇల్లు ఆ వారాలు గడిపేసింది, లేని ఇల్లు అప్పుకి వెళ్లింది. తుపాను అక్కర్లేదు, మీ ఇంట్లో ఒక్క జ్వరం చాలింది.

అందుకని నా లెక్క ఇలా ఉంటుంది. వచ్చే 38 రోజులు కొత్త అప్పు ఒక్క రూపాయి కూడా చేయకుండా పాత కార్డు ముగించండి. సచివాలయంలో మొదటి విడతగా మీ దగ్గర ఉన్న 500 కట్టినా చాలు. కార్డు అయిపోయాక నెలకి 3,500 చేతికి దొరుకుతుంది. అందులో 2,000 అత్యవసర నిధికి, 1,500 పన్నుకి. అయిదు నెలల్లో నిధి పదివేలు అవుతుంది, పన్నులో 7,500 తగ్గుతుంది. ఆ తర్వాత మొత్తం 3,500 పన్నుకే. మధ్యలో పెరిగే వడ్డీ, కొత్త అర్ధ సంవత్సరం పన్ను కలుపుకున్నా అక్కడినుంచి ఇంకో అయిదారు నెలల్లో బకాయి తీరిపోతుంది.

రెండు రూపాయల వడ్డీ పెరుగుతుంటే నిధి అంటూ డబ్బు తీసుకెళ్లి పోస్టాఫీసులో ఏడాదికి నాలుగు శాతానికి పెట్టడమేంటని ఎవరైనా మిమ్మల్ని అడుగుతారు. లెక్క ప్రకారం వాళ్లు చెప్పేది నిజమే, పదివేలు పక్కన పెట్టుకుంటే నెలకి 165 రూపాయల దాకా నష్టం. ఆ నష్టం భరించమనే నేను చెబుతున్నాను. పక్కన డబ్బు లేకుండా పన్ను మొత్తం కట్టేసి, మర్నాడు పాపకి జ్వరం వస్తే మీరు మళ్లీ ఆ ఫైనాన్స్ ఆయన దగ్గరికే వెళతారు. ఆ డబ్బు ఇంట్లో డబ్బాలో వద్దు, చీటీలో అసలే వద్దు. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసి, ఆ ఖాతాని ఫోన్‌పేకి కలపకండి. జబ్బుకి, ఆటో తిరగని రోజులకి, తుపానుకి తప్ప తీయకూడదు. పెళ్లి పిలుపులకి, పండగ బట్టలకి అస్సలు కాదు.

మిగతా దారులు క్లుప్తంగా. పొదుపు సంఘంలో ఉంటే రూపాయి వడ్డీకి సంఘం అప్పు దొరుకుతుందేమో అడగండి. వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి రుణం మొదటి విడత 15,000 ఉంది, కానీ అది బండికి పెట్టుబడి, పన్నుకి వాడకండి. చెవి దుద్దులు బ్యాంకులో తాకట్టు పెట్టడం వారెంటు ఇంటి గుమ్మంలోకి వచ్చినప్పుడే, అదీ బ్యాంకులోనే. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా మీ ఇద్దరికీ ఉందో లేదో చూసుకోండి. ఆటో తోలే మనిషికి అది లేకుండా ఉండకూడదు. మార్చి నెలలో పేపరు చూస్తుండండి. 2025 మార్చిలో బకాయి మొత్తం ఒకేసారి కట్టినవాళ్లకి వడ్డీలో సగం తగ్గించారు. మళ్లీ అలాంటిది వస్తే, అప్పటికి మిగిలిన పన్ను చిన్నదైతే, నిధిలోంచి సగం వరకు వాడి తీర్చేసి మళ్లీ నింపుకోండి.

ఆఖరి రోజు వంద కట్టాక ఊరికే వచ్చేయకండి. మొదట్లో మీరు సంతకం పెట్టిన ప్రోనోటు, ఖాళీ చెక్కు ఏదైనా ఇచ్చి ఉంటే అదీ, అక్కడే నిలబడి వెనక్కి తీసుకోండి. రేపు ఇస్తానంటే ముగించినట్టు కార్డు మీద సంతకం పెట్టించుకోండి, మర్నాడు మీ ఆయన్ని తోడు తీసుకుని వెళ్లి తెచ్చుకోండి.