వీడియో సంగతి సరే, అత్తగారిని అడిగారా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పెళ్లయి పదహారేళ్లు. బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా అత్తగారికి 71 ఏళ్లు. పాంక్రియాస్ కేన్సర్. కీమో వల్ల ఇక ఉపయోగం లేదని డాక్టర్లు ఇంటికి పంపేసి నాలుగు నెలలైంది. ఆమెకు మాత్రం పేగుల్లో వాపు అనే చెప్పాం. నేను స్కూల్లో ఉద్యోగం మానేసి చూసుకుంటున్నాను. నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లకు ఆఖరి రోజుల్లో నొప్పి తగ్గించి చూసుకునే ఒక హాస్పిస్ నుంచి వారానికోసారి నర్సు వస్తుంది. నొప్పికి నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర వెయ్యాలి. నర్సు ఇచ్చినా, కన్నకొడుకు ఇచ్చినా ఆమె మూతి బిగించుకుంటుంది. రాత్రి రెండింటికైనా నేనే లేవాలి. ఇంట్లో రోగిని చూసుకుంటున్నవాళ్ల చేత మూడేసి నిమిషాల వీడియోలు చేయించి, కొత్తగా చేరే కుటుంబాలకు చూపిస్తామని హాస్పిస్ వాళ్లు అంటున్నారు. తెలుగులో నన్ను చెయ్యమన్నారు. మావారు 'నీ ఇష్టం' అన్నారు. డాలస్‌లో ఉన్న ఆడపడుచు మాత్రం 'మా అమ్మని ఆ స్థితిలో అందరికీ చూపిస్తావా వదినా? అసలు అంత మత్తుమందు ఎందుకు వేస్తున్నావు?' అని ఏడ్చి ఫోన్ పెట్టేసింది. వీడియోలో చెప్పాలనుకున్నది రాసి జత చేశాను. ఒప్పుకోవాలా, వద్దా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: ఒప్పుకోండి. అత్తగారి ముఖం చూపించకండి. గొంతు మీది, చేతులు మీవి, అవి చాలు. ఆడపడుచు ఒప్పుకోలు అక్కర్లేదు. మీరడిగినదానికి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. నన్ను కుదురుగా కూర్చోనివ్వనివి మీరు జత చేసిన ఆ రెండు కాగితాలు.

గడియారం ముందు పెట్టుకుని వాటిని పైకి చదివాను. మూడు నిమిషాల చిల్లర పట్టింది. అందులో మొదటి రెండున్నర నిమిషాల్లో జబ్బు ఊసే లేదు. పెళ్లిలో మీ పుట్టింటివాళ్లు పెట్టిన వెండి చెంబును ఆవిడ కంసాలి దగ్గర తూకం వేయించడం, పాప పుట్టిందని చెబితే 'సరేలే' అని ఫోన్ పెట్టేయడం, మీ నాన్నగారు పోయిన పన్నెండో రోజే తిరిగి రమ్మని కబురు పంపడం. 'పదహారేళ్లలో ఒక్కసారి నా కూర బాగుందనలేదు' అన్న వాక్యం రెండుసార్లు రాశారు. రెండోసారి కింద గీత కూడా గీశారు.

తల్లీ, దీన్ని మా ఊళ్లో పంచాయితీ పెట్టడం అంటారు. ఎదుటి పక్షం మంచంలో ఉంది. నోరు విప్పే ఓపిక లేదు. తన జబ్బేమిటో కూడా ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇక తీర్పు చెప్పాల్సిన పెద్దమనుషులు ఎవరయ్యా అంటే, రేపు ఆ వీడియో చూడబోయే ముక్కూ మొహం తెలియని జనం.

మీ కోపం తప్పని నేననను. వెండి చెంబు తూకం వేయించిన మనిషి మీద కోపం రాకపోతేనే ఆశ్చర్యం. పోయేవాళ్లని క్షమించెయ్యాలి, లేకపోతే పాపం చుట్టుకుంటుందని మీకు చెప్పేవాళ్లు చుట్టూ చాలామంది ఉంటారు. నేను ఆ మాట చెప్పను. మనసులో లేని క్షమ పైకి ఒలకబోయడం కంటే, కోపం కోపంగానే ఉంచుకుని వేళకి మందు ఇచ్చే కోడలే నా దృష్టిలో ఎక్కువ మర్యాద ఉన్న మనిషి. నాలుగు నెలలుగా మీరు చేస్తున్నది అదే. అయితే ఆ కోపం తీర్చుకునే చోటు మాత్రం ఇది కాదు.

ఈ రకం వీడియో కథల పద్ధతికి 1990లలో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, ఆయనతో పనిచేసినవాళ్లు ఒక రూపం ఇచ్చారు. మామూలు మనుషులు తమ జీవితంలోంచి ఒక్క సంఘటన తీసుకుని, సొంత గొంతుతో, ఇంట్లో ఉన్న నాలుగు ఫోటోలతో రెండు నుంచి అయిదు నిమిషాల్లో చెప్పాలి. అంతకన్నా ముందు నలుగురూ గుండ్రంగా కూర్చుని ఒకరి కథ ఒకరు వింటారు. దాన్ని స్టోరీ సర్కిల్ అంటారు. చెప్పాలని తెచ్చుకున్న కథ సగం అక్కడే మారిపోతుంది, ఎందుకంటే వినేవాళ్లు మనం ముఖ్యం అనుకున్నది వదిలేసి ఇంకేదో పట్టుకుంటారు. నేనిప్పుడు చేస్తున్న పని కూడా అదే అనుకోండి.

మీ వీడియో చూడబోయేది ఎవరు? చేతిలో మార్ఫిన్ చీటీ పట్టుకుని, 'ఇది నా చేత్తో వేస్తే అమ్మ ఇంకా తొందరగా పోతుందేమో' అని గుటకలు మింగుతున్న ఏ మహదేవపురంలోనో ఉండే తెలుగు కూతురు. ఇంగ్లీషు డాక్టరు చెప్పింది సగం, కన్నడ నర్సు చెప్పింది సగం అర్థమై ఇంటికొచ్చిన మనిషి. ఆమెకి మీ వెండి చెంబుతో పనేముంది? మొదటి రాత్రి మీ చెయ్యి వణికిందా, మాత్ర ఇచ్చాక నిద్ర పట్టిందా, ఊపిరి ఆడుతోందో లేదోనని ఎన్నిసార్లు లేచి చూశారు – ఆమె వెతుక్కునేది ఇవి. డాక్టరు ఎంత ధైర్యం చెప్పినా పోని భయం, అదే పని చేసిన ఇంకో ఆడమనిషి గొంతు వింటే కొంత పోతుంది. వీడియోకి ఉన్న విలువంతా అక్కడే ఉంది.

మీ ఆడపడుచు భయం కూడా సరిగ్గా ఇదే, కాబట్టి ఆమెని విసుక్కోకండి. కేన్సర్ నొప్పికి మార్ఫిన్ నొప్పి వచ్చేదాకా ఆగి వేసే మందు కాదు, రాకముందే గడియారం చూసి వేసేది. మలబద్ధకం తెస్తుంది, దానికి వేరే మందు ఇస్తారు. డాక్టరు రాసిన డోసు రాసినట్టు వేస్తే అది ప్రాణం తియ్యదు. మన దేశంలో దీని చుట్టూ ఉన్న చట్టం చిక్కులు 2014లో సవరణ తెచ్చేదాకా సడలలేదు, అందుకే ఇంకా చాలామందికి ఆ పేరు వింటేనే గుండె జారుతుంది. నర్సు వచ్చిన రోజు డాలస్‌కి వీడియో కాల్ కలిపి ఆవిడ చేతే చెప్పించండి. ఇంకో సంగతి. పడుకోబోయే ముందు డోసు పెంచి, మధ్యరాత్రి లేపే అవసరం లేకుండా చూసే పద్ధతి ఉంది. మీ అత్తగారికి అది సరిపోతుందా అని డాక్టరును అడగండి. మీ అంతట మీరు మాత్రం మార్చొద్దు.

'నీ ఇష్టం' అన్న మీవారి గురించి పెద్దగా చెప్పను. ఆయన చేతి మాత్ర తల్లి మింగకపోవచ్చు, పక్క మార్చడానికి ఆమె మూతితో పనిలేదుగా. రెండు గంటలకోసారి తల్లిని ఒత్తిగిలించడం, డైపర్ మార్చడం నేర్చుకోమనండి. మీకు ఒంట్లో బాగా లేకపోతే అత్తగారిని కొన్నాళ్లు చేర్చుకునే వీలుందా అని హాస్పిస్ వాళ్లని అడగమనండి. మీకు దగ్గర్లోనే మారతహళ్లిలో కరుణాశ్రయ అనే హాస్పిస్ 1999 నుంచి కేన్సర్ ముదిరినవాళ్లని పైసా తీసుకోకుండా చూస్తోంది. అడగడానికి మొహమాటం దేనికి?

ఇప్పుడు ఆ ఆఖరి అర నిమిషం. రెండో కాగితం అడుగున, చోటు చాలక పక్కకి తిప్పి ఇలా రాశారు: 'ముందు చెంచాతో గోరువెచ్చటి నీళ్లు పెట్టి పెదాలు తడుపుతాను. ఆమె కళ్లు తెరవదు. నా గాజుల చప్పుడు వింటే నోరు తెరుస్తుంది. ఇట్లాగైతే నేనెప్పుడు నిద్రపోవాలి?'

మీరు విసుగ్గా రాసి వదిలేశారు. నేను అక్కడే ఆగిపోయాను. వీడియో అక్కడ మొదలుపెట్టండి. చీకటి గదిలో గాజుల చప్పుడు, ఒక చెంచా, తడిసిన పెదాలు. ముఖం అక్కర్లేదన్నది ఇందుకే.

అది ప్రేమా అంటే నేను చెప్పలేను. కన్నకొడుకు చేతి మీద లేని నమ్మకం ఆమెకి మీ చేతి మీద ఉంది, అంతవరకు తెలుస్తోంది. కూర బాగుందన్న మాట కోసం మీరు పదహారేళ్లు కాచుకున్నారు. ఆ మాట ఇక రాదు. కోడలిని పైకి మెచ్చుకుంటే ఎక్కడ నెత్తికెక్కుతుందోనని భయపడిన తరం అది, మంచంలో పడ్డంత మాత్రాన మారరు. మా అత్తగారు పోయేముందు నాతో అన్న ఆఖరి మాట 'పాలు పొంగుతున్నాయి, చూడు' అని. దాంట్లో ఏదో ఆశీర్వాదం దాగుందేమోనని చాలా కాలం అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఆ రోజు నిజంగానే పాలు పొంగుతున్నాయి.

మీ కథలో ఇంకా నడుస్తున్న వ్యవహారం ఒక్కటే, అది మీకూ ఆమెకీ మధ్య ఉన్నది. ఆడపడుచుని అడిగారు, మీవారిని అడిగారు, నన్ను అడిగారు. ఆమెని అడగలేదు. ముఖం చూపించకపోయినా కథ ఆమెది కూడా. అడగాలంటే జబ్బు సంగతి ఎత్తాలి, అదే మీ భయం. పేగు వాపుకి నాలుగు నెలలు ఇంటికి నర్సు రాదని ఆవిడకి తెలియదనుకుంటున్నారా? కంసాలి తూకంలో గురిగింజ తేడా పట్టిన మనిషి! మీరు చెప్పలేకపోతున్నారని ఊరుకుని ఉంటుంది.

కేన్సర్ అన్న మాట మీరు ముందు ఎత్తకండి. సాయంత్రం ఒళ్లు తుడిచి, తలకి కాస్త నూనె రాసేటప్పుడు మన కడప మాటలోనే అడగండి: 'నీ ఒంటి సంగతి నీకేమనిపిస్తాంది అత్తా?' ఆపైన మాట్లాడకండి. ఆమె 'బాగైతాదిలే' అంటే, ఆ రోజుకి తెలుసుకోవాలని లేదన్నమాట, దాన్ని గౌరవించి నూనె రాయడం ముగించండి. వేరే ఏదైనా అంటే వినండి. వెండి చెంబు మీ నోటికి వస్తే రానివ్వండి, ఇంట్లో ఇద్దరి మధ్య అయితే దానికీ చోటుంది. వీడియోకి ఆమె ఊ అంటే చెయ్యండి, వద్దంటే హాస్పిస్ వాళ్లకి వద్దని చెప్పెయ్యండి. పైన నేను చెప్పిన 'ఒప్పుకోండి' ఆమె మాట ముందు చెల్లదు.

అడిగేటప్పుడు ఫోన్ మాత్రం వంటింట్లో పెట్టేసి వెళ్లండి.